బల్లార్షా బచత్ గట్ సహల్: గుడి ఒక్కటే కాకుండా, ఆడవాళ్ళ చరిత్ర ఉన్న జాగలు చెప్పండి

పద్మ_బల్లార్షా
అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రల బల్లార్షా. మా వాడల తెలుగు ఆడవాళ్ళం కలిసి నడిపే బచత్ గట్, అంటే పొదుపు సంఘం, ఒకటుంది. సహల్, అంటే యాత్ర, ఏటా మాహూర్, కాదంటే మేడారం, అదీ కాదంటే బాసర. ఈసారి జనవరి 3 సావిత్రీబాయి ఫులే జయంతి దగ్గర పెట్టుకుందామనుకుంటున్నం. కోడళ్ళు, కాలేజీ పిల్లలు ఒకటే పట్టు: "రాణులు, చదువు చెప్పినోళ్ళు, కొట్లాడినోళ్ళు ఉన్న జాగలు చూపియ్యండి" అని. పెద్దోళ్ళేమో "దేవుని మొహం చూడని సహల్ ఏం సహల్" అంటున్నరు.

రెండు రోజులు, ఒక రాత్రి. మోకాళ్ళ నొప్పులోళ్ళున్నరు, చంక పిల్లలోళ్ళున్నరు. బండి మాట్లాడాల్నా, రైలా, ఎస్టీ (మహారాష్ట్ర సర్కారు) బస్సా ఇంకా తేల్చలే. ఫోన్ల వెతికితే ఝాన్సీ, పుణె చూపిస్తుంది. మన చంద్రపూర్, గడ్చిరోలి, వార్ధా, నాందేడ్ దిక్కు ఏమున్నయో సొంతంగ చూసినోళ్ళు చెప్పండి.

రాజురా_మాస్టారు
పద్మమ్మా, మీ ఇంటి పక్కనుంచే మొదలుపెట్టండి. బల్లార్షా కోట వార్ధా నది ఒడ్డునే ఉంది, గోండు రాజుల పాత రాజధాని. ఖాండక్యా బల్లాళ్‌షా అక్కడినుంచి చంద్రపూర్‌కి ఎందుకు మారాడో ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. ఒంటినిండా పుండ్లున్న రాజు ఝర్‌పట్ వాగు నీళ్ళలో కడుక్కుంటే తగ్గాయట. తర్వాత అదే చోట కుందేలు కుక్కని తరమడం చూశాడట. ఇది మామూలు నేల కాదు, ఇక్కడ ఊరు కట్టించమని చెప్పింది రాణి. కథలో రోగం రాజుది, తెలివి రాణిది. ఊరు మాత్రం రాజు కట్టించాడనే చెబుతాం.

కథ పక్కన పెడితే అసలు చరిత్ర గోండు రాణి హీరాయిది. 1704 ప్రాంతంలో ఆమె భర్త, రాజు బీర్‌షా హత్య జరిగింది. కొడుకు లేడు. హీరాయి రామ్‌షాని దత్తత తీసుకుని, అతను పెద్దవాడయ్యేదాకా, అంటే 1719 వరకు రాజ్యం తానే చూసుకుంది. అచలేశ్వర్ గుడి పక్కన గోండు రాజుల సమాధులున్నాయి కదా, వాటిలో అన్నిటికన్నా పెద్దది బీర్‌షాది, అది ఆమె కట్టించిందే. మహాకాళి గుడి కూడా ఆమె హయాంలోనే ఇప్పటి రూపానికి వచ్చిందని చెబుతారు. మీ పెద్దవాళ్ళకి దేవుడు, మీ పిల్లలకి రాణి, రెండూ ఒకే ఊళ్ళో దొరుకుతాయి.

వార్ధా_ఒడ్డు
సార్ ఏమనుకోకండి. రీల్స్‌లో కూడా ఇదే: "భార్య భర్తకి కట్టిన తాజ్‌మహల్" అని వెనక పాట పెట్టి తిప్పుతున్నరు. మొగుడికి సమాధి కట్టింది కాబట్టి గొప్పది అంటే అది ఆడవాళ్ళ చరిత్ర ఎట్లైతది? పతివ్రత కథే కదా, రాయి మీద రాసిన్రంతే.

రాజురా_మాస్టారు
బాబూ, నువ్వడిగింది సరైన ప్రశ్న. అందుకే సమాధి గురించి ఒక్క వాక్యమే రాశాను, పదిహేనేళ్ళ పాలన గురించి ముందు రాశాను. దత్తత తెచ్చుకున్న పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న బంధువుల్నీ సర్దార్లనీ అదుపులో పెట్టి, అటు మొగలుల బెడద, ఇటు మరాఠాల బెడద ఉన్న రోజుల్లో రాజ్యం చెక్కుచెదరకుండా అప్పజెప్పింది. ఆ పనికి రాతి కట్టడం ఏదీ ఉండదు. కంటికి కనబడేది సమాధి ఒక్కటే కాబట్టి జనం దాన్నే పట్టుకున్నారు. పిల్లల్ని అక్కడ నిలబెట్టి "ఇది ఎవరిది?" అని కాదు, "ఇది కట్టించడానికి డబ్బు ఎవరి చేతిలో ఉండాలి?" అని అడగండి. నేను బడి పిల్లల్ని తీసుకెళ్ళిన రోజుల్లో అదే అడిగేవాణ్ణి. ఏడో తరగతి పిల్ల ఒకతి "ఖజానా తాళం చెవి ఆమె దగ్గరే ఉన్నట్టు సార్" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

కిన్వట్_కోడలు
మాస్టారు గారి ప్రశ్న మాహూర్‌కి కూడ పెట్టండి. ఏడాదికి లక్షల మంది పోతరు, నేను కూడ పోత. గుట్ట మీద రేణుక తల్లి, ఇంకో గుట్ట మీద అనసూయ, నడుమ దత్త శిఖరం. మన ఎల్లమ్మే ఆ రేణుక. మొగుడు నరకమంటే కొడుకు తల్లి తల నరికిన కథ అది. తల నరికించుకున్న తల్లికి ముక్కుపుడక, చీర, పసుపు పెట్టి దండం పెట్టుకుంటం, నరకమన్నోని గురించి మాత్రం మాట్లాడం. అత్తమ్మతోని ఈ మాట అంటే ఆ రోజంత నాతో మాట్లాడలే, అది వేరే ముచ్చట.

అక్కడికి పోయినోళ్ళల్ల ఎంతమందికి మాహూర్ సావిత్రీబాయి తెలుసు? ఫులే కాదు, దేశ్‌ముఖుల సావిత్రీబాయి. భర్త ఉదారామ్ పోయినంక జాగీరు తనే చూసుకుంది, ఫౌజు నడిపింది. ఔరంగజేబు ఆమెకు "రాయబాగన్" అని బిరుదిచ్చిండు, అంటే రాజపులి. 1661ల ఉంబర్‌ఖిండ్ కనుమల కార్తలబ్‌ఖాన్‌తోని శివాజీ మీదికి పోయిన మొగలు ఫౌజుల ఆమె కూడ ఉంది. అడవిల ఇరుక్కుని దారి దొరకనప్పుడు "ఇంక పంతం వద్దు, శరణు అడుగు" అని ఖాన్‌కు చెప్పింది ఆమెనే. మాహూర్ గుట్ట ఎక్కేటోళ్ళను ఈమె పేరు అడిగి చూడండి.

దెగ్లూర్_గంగ
ఎవరన్నా చెప్పరెందుకంటే ఆమె శివాజీకి ఎదురు దిక్కు ఉంది కాబట్టి. మా దగ్గర ఆ పేరెత్తితే సగం మంది మొహం తిప్పుకుంటారు.

కిన్వట్_కోడలు
ఎటు దిక్కున ఉన్నా గుర్రమెక్కింది కదా గంగక్కా. మొగోళ్ళల్ల ఎదురు దిక్కు ఉన్నోళ్ళందరి పేర్లూ బడి పుస్తకాలల్ల ఉన్నయి. అఫ్జల్‌ఖాన్ తెల్వని పిల్లగాడు మహారాష్ట్రల ఉన్నడా?

సిరొంచ_సోమన్న
ఎదురు దిక్కు ముచ్చట వచ్చింది కాబట్టి మాది కూడ జెప్త. మా సిరొంచ నుంచి కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. పడవ మీద గోదారి దాటి మేడారం పోయిన తరం మాది, ఇప్పుడు పిల్లలు బండి మీద పోయొస్తున్నరు. జాతరప్పుడు మా దిక్కు గోండులు, కోయలు, తెలుగోళ్ళు, మరాఠోళ్ళు అందరూ పోతరు.

ఇప్పుడు ఇది జూడండి. ఓరుగల్లు పోతే రుద్రమదేవి, 1262 నుంచి 1289 దాక ఏలింది. తండ్రి గణపతిదేవుడు మొగపిల్లగాని లెక్క పెంచిండు, శాసనాలల్ల "రుద్రదేవ మహారాజు" అనే ఉంటది. ఆమె చనిపోయిన సంగతి నల్గొండ దిక్కు చందుపట్ల శాసనంల దొరికింది. ముసలితనంల కూడ దండు మీదికి పోయి పాణం ఇచ్చింది. గొప్ప మనిషి, కాదనేటోడు లేడు. ఆమె బిడ్డ ముమ్మడమ్మ, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. కరువుల కప్పం కట్టలేమన్న కోయోళ్ళ మీదికి దండు తోలింది ఈ ప్రతాపరుద్రుడే అని మేడారం కథ. సమ్మక్క, బిడ్డ సారలమ్మ, అల్లుడు గోవిందరాజు, కొడుకు జంపన్న ఎవ్వలి దండును వాళ్ళు నడిపిన్రు. సారలమ్మ పడిపోయింది, జంపన్న సంపెంగ వాగుల దూకితే అది జంపన్న వాగైంది. సమ్మక్క గాయాలతోని చిలకలగుట్ట దిక్కు నడిచిపోయి కనబడలే, కుంకుమ భరిణె దొరికింది.

అవ్వ రాణి, మనుమడు రాజు. వాని మీద కత్తి పట్టింది ఇంకో ఆడది. నన్నడిగితే ఓరుగల్లు ఒక్కటి జూపించి మేడారం జూపియ్యకపోతే పిల్లలకు సగమే జెప్పినట్టు.

వార్ధా_ఒడ్డు
సోమన్నా, మేడారం కథకు శాసనం ఉందా? రుద్రమకుంది. రెండిటినీ ఒక్క తక్కెడల ఎట్ల పెడ్తం?

సిరొంచ_సోమన్న
శాసనం రాసినోడు రాజు దగ్గర జీతగాడు తమ్మీ. ఓడిపోయినోళ్ళ కథను రాయి మీద ఎవడు జెక్కుతడు? అందుకే వడ్డెలు, అంటే కోయ పూజార్లు, నోటితోని నిలబెట్టిన్రు. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి సారలమ్మను కన్నెపల్లి నుంచి, సమ్మక్కను చిలకలగుట్ట నుంచి గద్దెకు తెస్తరు. కుంకుమ భరిణె దిగుతుంటే పోలీసోళ్ళు గాలిల తుపాకులు పేలుస్తరు. ఒకప్పుడు రాజు దండును ఎదిరించిన ఆమెకు ఇయ్యాల సర్కారు సలాం కొడుతది. అక్కడ విగ్రహం లేదు, వేద మంత్రం లేదు. నిలువెత్తు బెల్లం, వెదురు కర్ర, కుంకుమ, గంతే.

పద్మ_బల్లార్షా
సోమన్నా, మేడారం ఇదివరకు అయింది కాబట్టి ఈసారికి వద్దంటున్నరు. కానీ నువ్వు జెప్పిన "అవ్వ రాణి, మనుమడు రాజు" ముచ్చట మా మీటింగుల చదివి వినిపిస్త.

మాస్టారు గారూ, సమాధుల దగ్గర ఎంతసేపు పడ్తది? ఇంకొకటి, మొహమాటం లేకుండ అడుగుతున్న, అక్కడ బాత్‌రూములున్నయా?

కిన్వట్_కోడలు
ఇది అసలు ప్రశ్న. పాత కట్టడాలల్ల టిక్కెట్టు లేని చోట్ల ఆ సదుపాయం ఉంటదని నమ్మకం పెట్టుకోకండి. పొద్దుగాల మహాకాళి గుడి దగ్గర అన్నీ కానిచ్చుకుని, అప్పుడు సమాధుల దగ్గరికి నడవండి. పోయినేడు మా గట్ ఆడవాళ్ళు ఒక కోటకు పోతే సందర్శకులకని కట్టిన గదికి తాళం. తాళం చెవి ఉన్నాయన పెండ్లికి పోయిండు. షుగర్ ఉన్న పెద్దమ్మలు పొలాల వెంట పోవాల్సొచ్చింది. మొగోళ్ళు రాసే యాత్రా పుస్తకాలల్ల ఈ సంగతి ఒక్క లైను కూడ ఉండది.

రాజురా_మాస్టారు
గంటన్నర చాలు. పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఎక్కితే రాయి కాలుతుంది. అచలేశ్వర్ గుడి బయటి గోడ మీద చెక్కిన బొమ్మలు తీరిగ్గా చూడండి. తరువాత కోట గోడ. నాలుగు పెద్ద దర్వాజాలు: జట్‌పురా, అచలేశ్వర్, పఠాన్‌పురా, బింబా. మోకాళ్ళ నొప్పులవాళ్ళని గోడ ఎక్కించకండి, దర్వాజా కింద నీడలో కూర్చోబెట్టండి.

ఇంకో చోటు. పాత జైలు ముందు రావిచెట్టు. 1858 అక్టోబరు 21న గోండు వీరుడు బాబూరావ్ శెడ్మాకేని ఉరితీసింది అక్కడే. ఏటా ఆ రోజు జనం వస్తారు. ఆడవాళ్ళ చరిత్రలో ఆ చెట్టెందుకంటే, బ్రిటిష్‌వాళ్ళు బాబూరావ్‌ని పట్టుకోలేకపోయినప్పుడు అహేరీ జమీందారిణి లక్ష్మీబాయి మీద ఒత్తిడి పెట్టారు. ఆమె మనుషులే అతన్ని పట్టి అప్పగించారు.

సిరొంచ_సోమన్న
మాస్టారూ, మా అహేరీ తాలూకా ముచ్చట ఇది. ఈమెను సహల్ల చేర్చుడెందుకు? పిల్లలకు ఆదర్శంగ చూపిచ్చుకునే ముచ్చటనా ఇది?

రాజురా_మాస్టారు
ఆదర్శం అని నేననలేదు సోమన్నా. జమీను పోతుందన్న బెదిరింపుకి లొంగిన జమీందార్లు అప్పట్లో ఎందరో. అందరూ మగవాళ్ళే అయితే "జమీందార్లు" అని సరిపెడతాం, ఒక్క ఆడమనిషి ఉంటే "ఆడదాని ద్రోహం" అని కథ కడతాం. అధికారం చేతిలో ఉన్న ఆడమనిషి మంచి పనీ చేస్తుంది, చెడ్డ పనీ చేస్తుంది. హీరాయిని, లక్ష్మీబాయిని ఒకే పూట చూపిస్తే పిల్లలకి అది తెలుస్తుంది. రాణి అనగానే కత్తి, గుర్రం, వీపున పిల్లాడు అనే బొమ్మ ఒకటి మన తలలో పడిపోయింది.

సిరొంచ_సోమన్న
మీరన్నది ఇన్న. నాకైతే మనసొప్పుతలేదు. బాబూరావ్ అమ్మ పేరు ఎవ్వలూ జెప్పరు, పట్టిచ్చిన ఆమె పేరు మాత్రం జెప్తం.

చాందా_నీలి
చంద్రపూర్ అంటే రాజులు, రాణులేనా? ఇదే ఊర్ల దీక్షాభూమి ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌ల బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధం తీసుకున్నంక, 16న చంద్రపూర్ వచ్చి ఇక్కడ జనానికి దీక్ష ఇచ్చిండు. తెల్ల చీరలు కట్టుకుని పల్లెలకెల్లి నడిచొచ్చినోళ్ళల్ల ఆడవాళ్ళెంతమందో మా నానమ్మ చెప్తుండె. ఆమె తెలుగు, పక్కనామె మరాఠీ, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే తెల్సు.

దానికంటె ముందు 1942 జూలై 20 ఉంది. నాగపూర్ మోహన్‌పార్కుల దళిత మహిళల మహాసభ. అధ్యక్షురాలు సులోచనాబాయి డోంగ్రే. పాతిక వేల మంది ఆడవాళ్ళు వచ్చిన్రు. ఆ రోజు తీర్మానాలు చూడండి: విడాకుల హక్కు కావాలె, ఇద్దరు పెండ్లాల పద్ధతి పోవాలె, మిల్లుల, బీడీ కార్ఖానాల పనిచేసే ఆడవాళ్ళకు జీతంతో సెలవులియ్యాలె. 1942ల! మీ గట్‌ల బీడీలు చుట్టిన పెద్దమ్మలు ఉంటే వాళ్ళకు ముందు ఇది చెప్పండి పద్మక్కా. నేను ఆ తీర్మానాలు చదివిన రోజు మా అమ్మతోని "నీకు 1942ల అడిగిన సెలవు ఇప్పటికి రాలే" అన్న.

పద్మ_బల్లార్షా
నీలీ, మా గట్‌ల బీడీ చుట్టినోళ్ళు ఆరేడుగురున్నరు. అందుల ఒకామెకు ఇప్పటికీ వేళ్ళు ఆకు మడతకే తిరుగుతయి. కూసున్నకాడ కొంగు చుడుతుంటది. దీక్షాభూమి తప్పకుండ చేరుస్తున్న.

లోకో_షెడ్డు_ఆంధ్రా
మాది అసలు ఏలూరు వైపు, రైల్వే ఉద్యోగం మీద బల్లార్షా వచ్చి ఇక్కడే ఉండిపోయాం. రెండో రోజుకి నా మాట వినండి. పొద్దున నాగపూర్ వైపు రైలెక్కి సేవాగ్రామ్‌లో దిగండి. మొదటి రోజు చంద్రపూర్, రాత్రికి ఇంటికే వచ్చి పడుకోవచ్చు, లాడ్జి ఖర్చు మిగులుతుంది.

సేవాగ్రామ్ గాంధీ ఆశ్రమంలో అందరూ బాపూ కుటీ చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. పక్కనే బా కుటీ ఉంది. ముందు ఆది నివాస్ అనే ఒకే పాకలో అందరూ కలిసి ఉండేవారు, వచ్చేపోయే మగవాళ్ళు, జబ్బుమనుషులు, చర్చలు. కస్తూర్బాకి చీర మార్చుకునే చాటు కూడా కష్టమయ్యేది. తరవాత ఆవిడకి విడిగా ఈ చిన్న కుటీ కట్టారు. మట్టి గోడలు, పైన పెంకులు, చిన్న గది, చిన్న వసారా. నేను మొదటిసారి చూసినప్పుడు బాపూ కుటీలో కంటే ఇక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను. దేశమంతా తిరిగిన మనిషి భార్యకి తలుపు వేసుకునే ఒక గది దొరకడానికి ఎన్నేళ్ళు పట్టిందో అనిపించింది. 1944 ఫిబ్రవరి 22న పుణె ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలోనే పోయారావిడ.

లోకో_షెడ్డు_ఆంధ్రా
ఇంకోటి రాయడం మరిచాను. అక్కడినుంచి పవనార్ దగ్గరే, ధామ్ నది ఒడ్డు. వినోబా ఆశ్రమం అంటే అందరికీ తెలుసు. కానీ అది 1959 నుంచి ఆడవాళ్ళ ఆశ్రమం, బ్రహ్మవిద్యా మందిరం. ఆధ్యాత్మిక సాధన మగవాళ్ళ సొత్తా అని వినోబా మొదలుపెట్టించారు. వ్యవసాయం, వంట, ఊడ్చుకోవడం, అచ్చుపని అన్నీ వాళ్ళే చేసుకుంటారు. పెద్ద, చిన్న అని అధికారి ఎవరూ లేరు, ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే. మీ గట్ మీటింగుల్లో ఈ పద్ధతి పెడితే టీ ఎవరు పెట్టాలన్నది తేలడానికే సాయంత్రమవుతుంది, కానీ వాళ్ళు ఇన్ని దశాబ్దాలు నడిపారు. రోజూ విష్ణుసహస్రనామం చదువుతారు. కనక దేవుడు కావాలన్న పెద్దవాళ్ళకి అక్కడ కొరత లేదు.

మనకి సంబంధం ఏమిటంటే, 1951లో వినోబా ఈ పవనార్ నుంచే హైదరాబాద్ శివరాంపల్లి సభకి కాలినడకన బయల్దేరారు. ఆ నడక కొనసాగింపులోనే ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలైంది.

వార్ధా_ఒడ్డు
ఈ పోస్టు బాగుంది. ఒక్కటి మాత్రం ఉంది, అది కూడ మొగాయన మొదలుపెట్టిందే కదా.

లోకో_షెడ్డు_ఆంధ్రా
మొదలుపెట్టింది ఆయనే, నిజమే. ఆయన పోయింది 1982లో. ఆ తరవాత నలభై ఏళ్ళు దాటింది, నడుపుతున్నదెవరు?

దెగ్లూర్_గంగ
మా నాందేడ్ వైపు వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను, పద్మక్క గట్‌కి రెండు రోజుల్లో కుదరదు. హింగోలీ జిల్లాలో ఔండా నాగనాథ్. జ్యోతిర్లింగం అని శివరాత్రికి తోసుకుంటూ పోతారు. ఒక్కసారి గుడి బయట నిలబడి తలెత్తి చూడండి. కింద సగం నల్లరాయి, అంగుళం ఖాళీ లేని శిల్పం, యాదవుల కాలం హేమాడ్‌పంతీ అనే రాతి కట్టుబడి పని. పై సగం సున్నం పూసిన వేరే కట్టుబడి. యుద్ధాల్లో పైభాగం పోయాక దాన్ని మళ్ళీ లేపింది అహల్యాబాయి హోల్కర్. ఇద్దరు దర్జీలు కుట్టిన ఒకే రవికలా ఉంటుంది, అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. పర్లీ వైద్యనాథ్, వేరూళ్ ఘృష్ణేశ్వర్ కూడా ఆమె బాగు చేయించినవే. కాశీ విశ్వనాథుని గుడి 1780లో.

భర్త పోయాడు, మామ పోయాడు, కొడుకూ పోయాడు. 1767 నుంచి 1795 దాకా మహేశ్వర్ నుంచి రాజ్యం చేసింది. పుట్టింది మన మహారాష్ట్రలోనే, చౌండీ ఊళ్ళో, 1725 మే 31. ఇప్పుడు ఆ అహ్మద్‌నగర్ జిల్లాకే అహల్యానగర్ అని పేరు పెట్టారు. జిల్లాకి పేరు పెట్టారు సరే, ఔండాలో లోపల క్యూలో ఉన్న ఆడవాళ్ళని ఈ శిఖరం ఎవరు లేపారని అడిగితే దేవుడే అంటారు.

సింద్‌ఖేడ్ రాజా కూడా. జిజాబాయి 1598 జనవరి 12న పుట్టిన రాజవాడ. జనవరి 12న మాత్రం పోకండి, ఊరంతా కాషాయ జెండాలు, కాలు పెట్టే చోటుండదు. వారం అటూ ఇటూ పోతే తీరిగ్గా చూడొచ్చు. అక్కడే లఖూజీ జాధవ్ సమాధి ఉంది, చాలా పెద్దది. జిజాబాయి తండ్రి, అన్నదమ్ములు 1629లో దౌలతాబాద్‌లో నిజాంషాహీ దర్బారులోనే హత్య అయ్యారు. పుట్టింటివాళ్ళు ఒక్క పూటలో పోయిన ఆడమనిషి కొడుకుని పెంచింది. "వీరమాత" అని ఒక్క మాటతో తేల్చేస్తే ఆ దుఃఖం ఎక్కడికి పోతుంది?

బరంపురం_బుజ్జి
మహారాష్ట్రా వాళ్ళంతా కబుర్లాడుకుంటన్నారు, మా ఒరిస్సా తెలుగోళ్ళని మర్చిపోనారేటి? మాకూ ఉన్నాయండి బాబూ.

మా బరంపురంలో గిరి రోడ్డు అంటే రిక్షా అబ్బాయి కూడా తీసుకుపోతాడు. వి.వి. గిరిగారు 1894లో ఇక్కడే పుట్టేరు, రాష్ట్రపతి అయ్యేరు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోది, 1936లో కదా ఒరిస్సాలో కలిపేరు. ఆయన తల్లి సుభద్రమ్మగారు శాసనోల్లంఘనంలో కల్లు, సారా దుకాణాలు మూయించాలని సమ్మె నడిపి అరెస్టు అయ్యేరు. కొడుకు పేరు మీద రోడ్డు. ఆ తల్లి పేరు ఇప్పుడు నేను రాస్తే ఈ చర్చలో ఎంతమందికి కొత్త?

జయపురం పోతే లక్ష్మీ ఇందిరా పండా కథ. బర్మాలో పుట్టింది, చిన్నపిల్లప్పుడే నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో ఝాన్సీరాణి దళంలో చేరింది. కెప్టెన్ లక్ష్మి ఒకావిడ ఉంది కనక ఈవిడకి "ఇందిర" అని నేతాజీ పేరు కలిపేరట. దేశానికొచ్చి కోరాపుట్ జిల్లా జయపురంలో ఇళ్ళల్లో పని చేసుకుని బతికింది. సమరయోధురాలని గుర్తించడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. 2008 అక్టోబరు 7న పోయింది. రాష్ట్రపతి సమ్మానం ఆ నెలాఖర్లో వచ్చింది, పోయేక.

కిన్వట్_కోడలు
బుజ్జన్నా, సుభద్రమ్మ పేరు నాకు కొత్తే. ఇళ్ళల్ల పని చేసుకుంది అన్నకాడ ఆగిపోయిన.

బరంపురం_బుజ్జి
అన్న కాదండి, అక్కని. బుజ్జి అంటే మా వైపు ఆడపిల్లకే ఎక్కువ. ఇంకొక పేరు కూడా రాసేసుకోండి. కమలా పూజారి, జయపురం దగ్గర పత్రాపుట్ ఊరు, ఆదివాసీ రైతు. బడి మొహం చూడలేదు. వంద రకాల దాకా నాటు వరి విత్తనాలు దాచింది, ఊరూరా తిరిగి రసాయన ఎరువులు వద్దని చెప్పింది. 2019లో పద్మశ్రీ. 2024లో పోయింది. కోట, సమాధి ఏవీ లేవు. విత్తనం చేతిలో పెడితే అదే చూడ్డం.

నిర్వాహకుడు
చర్చ చక్కగా సాగుతోంది. ఫోన్ నెంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను, బండి యజమానుల నెంబర్లు వ్యక్తిగత సందేశంలో పంపుకోండి. రాయబాగన్ మీద మొదలైన కులం వాదన కూడా తీసేశాను, అది వేరే చోట.

చాందా_నీలి
బస్సు సంగతి ఎవరూ రాయలే. మహారాష్ట్ర ఎస్టీల 2023 మార్చి నుంచి ఆడవాళ్ళకు సగం టిక్కెట్టే. డెబ్బయి అయిదు దాటినోళ్ళకు పూర్తిగ ఉచితం, ఆధార్ ఉండాలె. బండి మాట్లాడుకునే ముందు లెక్క చేసుకోండి. సోమన్న దిక్కు తెలంగాణ పోయేటోళ్ళకు మాత్రం, అక్కడి ఉచిత బస్సు తెలంగాణ చిరునామా ఉన్న కార్డుకే. మా చిన్నమ్మ "నేను కూడ తెలుగు ఆడదాన్నే" అని కండక్టర్‌తోని కొట్లాడింది. ఆయన నవ్విండు గానీ టిక్కెట్టు కొట్టిండు.

పద్మ_బల్లార్షా
నిన్న రాత్రి మీటింగైంది. ఈ చర్చ మొత్తం మా కోడలు చదివి వినిపిచ్చింది, గంట పట్టింది. రాయబాగన్ దగ్గర ఒకసారి, బా కుటీ దగ్గర ఒకసారి ఆపి మళ్ళ చదవమన్నరు.

తేల్చింది ఇది. మొదటి రోజు పొద్దుగాల మహాకాళి, అటెంక సమాధులు, అచలేశ్వర్, దర్వాజా నీడల సద్ది. ఎండ తగ్గినంక దీక్షాభూమి. రాత్రికి ఇంటికి. రెండో రోజు రైల్ల సేవాగ్రామ్, అక్కడ ఆటోలు మాట్లాడుకుని పవనార్. రావిచెట్టు కాడికి పోవాల్నా వద్దా అన్నదానికి ఇంకా కొట్లాట నడుస్తున్నది. పెద్దోళ్ళు సోమన్న దిక్కు, పిల్లలు మాస్టారు దిక్కు. చెట్టు కాడ దీపం పెట్టి బాబూరావ్ పేరు చెప్పుడు వరకు అందరం ఒప్పుకున్నం, లక్ష్మీబాయి ముచ్చట ఎవరు చెప్పాలె, ఎట్ల చెప్పాలె అన్నదే తేలలే.

మాస్టారూ, మీరొచ్చి సమాధుల కాడ చెప్పగలుగుతరా? ఆటో ఖర్చు గట్ పెట్టుకుంటది.

రాజురా_మాస్టారు
వస్తానమ్మా, ఆటో ఖర్చేమీ వద్దు. కానీ నేను చెప్పడం ఎందుకు? ఆ ఏడో తరగతి పిల్ల అన్నానే, తాళం చెవి అన్నది, ఇప్పుడు చంద్రపూర్‌లోనే టీచరు. తెలుగు, మరాఠీ, గోండీ మూడూ వచ్చు. తనతో మాట్లాడి పంపిస్తాను, నేను వెనక కూర్చుని వింటాను. లక్ష్మీబాయి సంగతి కూడా ఆమెకే వదిలేద్దాం.

సిరొంచ_సోమన్న
గోండీ అస్తదంటే నేను కూడ అస్త. ఆడవాళ్ళ సహల్ల మొగోళ్ళను రానిస్తరా అక్కా?

పద్మ_బల్లార్షా
రానిస్తం. సద్ది మూటలు మోసేతందుకు మనిషి కావాలె.